ఏళ్ల తరబడి విష్ లిస్టులో మిగిలిపోయిన జాజ్ రికార్డులు: మీరెలా పట్టుకుంటున్నారు?

నీలిసూది
నిన్న అర్ధరాత్రి 1.40కి ఫోన్ మోగింది. ఆరేళ్లుగా డిస్కాగ్స్ (రికార్డులు కొని అమ్మే వెబ్‌సైట్) వాంట్‌లిస్టులో పెట్టుకుని ఎదురుచూస్తున్న పియానిస్ట్ యుట్టా హిప్ రికార్డు 'యుట్టా హిప్ విత్ జూట్ సిమ్స్' ఎవరో అమ్మకానికి పెట్టారు. జపాన్ ప్రెస్సింగ్ (అక్కడ అచ్చయిన కాపీ), కవర్ మీద చిన్న మరక, ధర నాకు అందేదే. లేచి లైటు వేసి కార్డు తీసి నంబర్ కొట్టి, ఓటీపీ వచ్చేలోపు అమ్ముడైపోయింది. మళ్లీ పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

నా లిస్టులో మొదట 43 ఉండేవి, ఇప్పుడు 12 మిగిలాయి. వాటిలో నన్ను బాగా సతాయిస్తున్నవి నాలుగు: ఈ యుట్టా హిప్, టీనా బ్రూక్స్ 'ట్రూ బ్లూ', జో హారియట్–జాన్ మేయర్‌ల 'ఇండో జాజ్ సూట్', శంకర్ జైకిషన్ 'రాగా జాజ్ స్టైల్' పాత హెచ్ఎంవీ ప్రెస్సింగ్. హైదరాబాద్‌లో ఉంటూ ఇవి పట్టుకునే దారి ఏదైనా ఉందా, లేక ఇది డాలర్లలో జీతం వచ్చేవాళ్ల వ్యవహారమేనా? మీ లిస్టుల్లో ఏం మిగిలాయి, దొరికినవి ఎలా దొరికాయి, కాస్త వివరంగా రాయండి. ఆన్‌లైన్‌లో వినొచ్చు కదా అని మాత్రం అనకండి. విన్నాను. విన్నాకే ఈ బాధ మొదలైంది.

బెజవాడ_బేస్
ఓటీపీ దగ్గర నావి రెండు పోయాయి. పేపాల్‌లో కార్డు ముందే కలిపి పెట్టుకో. ఇంకోటి, మరీ రాత్రి పూట వచ్చేవి ఎక్కువగా అమెరికా, యూరప్ అమ్మకందార్లవి. ఉదయం మనకు 6, 7 మధ్య జపాన్ వాళ్లు కొత్త లిస్టింగులు పెడుతుంటారు, ఆ టైంలో చూడు, పోటీ తక్కువ. నాకు సోనీ క్లార్క్ 'కూల్ స్ట్రటిన్' జపాన్ కాపీ అలాగే దొరికింది.

ఎడిసన్‌బావ
నీలిసూదీ, 'ట్రూ బ్లూ' ఒరిజినల్ (మొదటిసారి అచ్చయిన కాపీ) సంగతి నేరుగా చెప్తాను, మనసులోంచి తీసేయ్. ఆ డబ్బుతో 20 మంచి రికార్డులు వస్తాయి. అది ఎందుకంత అరుదో తెలిస్తే నీకే అర్థమవుతుంది. సాక్సోఫోన్ వాయించే టీనా బ్రూక్స్ 1958 నుంచి 1961 మధ్య బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీకి తన పేరు మీద నాలుగు సెషన్లు రికార్డు చేశాడు. బతికుండగా బయటకొచ్చింది ఇదొక్కటే, 1960 జూన్‌లో రికార్డు చేసింది. తర్వాతిది 'బ్యాక్ టు ద ట్రాక్స్'కి 4052 అని నంబర్ ఇచ్చి, కవర్ డిజైన్ కూడా చేయించి, విడుదల మాత్రం చేయలేదు. అది ఎలాగైనా దొరుకుతుందని షాపుల చుట్టూ తిరిగిన కలెక్టర్లు ఉన్నారు, లేని రికార్డు కోసం! ఆయన 1974లో పోయాడు. 1985లో మొజాయిక్ కంపెనీ వాళ్లు బాక్స్ సెట్ వేస్తే గానీ మిగతా సంగీతమంతా జనానికి చేరలేదు.

వారాంతాల్లో నేను ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్‌కి వెళ్తుంటాను. పదకొండేళ్లలో ఒరిజినల్ 'ట్రూ బ్లూ' నా చేత్తో పట్టుకుంది ఒక్కసారి, అదీ వేరే ఆయన కొనుక్కుని చూపిస్తే. కానీ ఈ రికార్డుల సౌండ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ స్టూడియో ఉన్న ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్ మా ఇంటికి గంట దూరం. అక్కడ రికార్డైన సంగీతం రీఇష్యూలో (తర్వాత మళ్లీ అచ్చువేసిన కాపీలో) వింటే నాకేం తక్కువ కాలేదు. ఈమధ్య బ్లూ నోట్ టోన్ పోయెట్ సిరీస్‌లో అసలు టేపుల నుంచి కెవిన్ గ్రే కొత్తగా కట్ చేసిన రికార్డులు వస్తున్నాయి. నిశ్శబ్దంగా ఉంటాయి, నిండుగా ఉంటాయి. ఒరిజినల్ పిచ్చి వదిలేస్తే ఈ ఆటలో డబ్బు లేనివాడికీ చోటుంది.

సూదిమొన
బావా, నేను ఒప్పుకోను. టోన్ పోయెట్ బాగుంటుంది, నా దగ్గరా పదిహేను దాకా ఉన్నాయి. కానీ 1957లో ఆ ట్రంపెట్ వాయించిన వాళ్లు బతికుండగా, ఆ వారమే అచ్చయిన రికార్డు చేతిలో పట్టుకోవడం వేరు. అది పిచ్చి కాదు.

కొత్తకోయిల
నేను కొత్త. ఒరిజినల్ అని ఎలా తెలుస్తుంది? మా మామగారి పెట్టెలో ఒక బ్లూ నోట్ ఉంది, హోరేస్ సిల్వర్ది. లేబుల్ మీద గుండ్రంగా లోతైన గాడి ఉంది. డీప్ గ్రూవ్ ఉంటే ఫస్ట్ ప్రెస్ అని ఎక్కడో చదివాను. అంటే నాకు లాటరీ తగిలినట్టేనా?

సూదిమొన
కోయిలా, ఆగు, అమ్మెయ్యకు, సంబరమూ వద్దు. ముందు లేబుల్ మీద అడ్రస్ చూడు. బాగా పాతవి అయితే 767 లెగ్జింగ్టన్ అవెన్యూ అని, తర్వాతవి 47 వెస్ట్ 63వ స్ట్రీట్ అని, ఆ తర్వాత ఉత్త న్యూయార్క్ యూఎస్ఏ అని ఉంటుంది. రికార్డు ఏ సంవత్సరానిదో ఆ అడ్రస్ దానికి సరిపోవాలి. తర్వాత రికార్డుని దీపం వెలుతురులో వంచి, పాట అయిపోయాక లేబుల్‌కి ముందు ఖాళీగా నున్నగా ఉండే భాగం చూడు. అక్కడ ఆర్‌వీజీ అని గీసో, ముద్ర వేసో ఉండాలి, అది వాన్ గెల్డర్ చేతి గుర్తు. దాని పక్కనే చిన్న చెవి లాంటి గీత ఉందా? అదే ముఖ్యం. రికార్డులు అచ్చువేసిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ వాళ్ల గొలుసుకట్టు 'పీ' అక్షరం అది, చూడ్డానికి చెవిలా ఉంటుంది కాబట్టి అందరూ 'ఇయర్' అంటారు.

1960ల మధ్యలో బ్లూ నోట్‌ని లిబర్టీ అనే కంపెనీ కొనేసింది. పాత లేబుళ్లు, పాత కవర్లు మిగిలిపోతే వాటినే వాడుకుంటూ కొత్తగా అచ్చువేశారు. అడ్రస్ పాతదే ఉంటుంది, చెవి ఉండదు. ఇక్కడే చాలామంది మోసపోతారు.

ఎడిసన్‌బావ
సూదిమొన చెప్పింది కరెక్ట్. డీప్ గ్రూవ్ గురించి ఒక్క ముక్క కలుపుతాను. ఆ గాడి ప్రెస్సులో వాడిన అచ్చు వల్ల పడేది. 50ల్లోవాటికి మామూలుగా ఉంటుంది. 60ల్లోకి వచ్చేసరికి పాత అచ్చులూ కొత్త అచ్చులూ కలిపి వాడారు కాబట్టి ఒకే రికార్డుకి ఒకవైపు ఉండి ఇంకోవైపు లేకపోవచ్చు. గాడి ఒక్కటీ చూసి కొంటే దెబ్బతింటారు.

ఇక ఒరిజినలే గొప్ప అనేవాళ్లకి నా పాత ప్రశ్న. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 ఒరిజినల్‌లో మొదటి వైపు శ్రుతి కొంచెం ఎక్కువలో ఉంటుంది. రికార్డింగ్ రోజున ఒక టేపు మిషన్ నెమ్మదిగా తిరగడం వల్ల. 1990ల్లో గానీ దాన్ని సరిచేయలేదు. అంటే ఒరిజినల్ కొన్నవాడు మైల్స్ వాయించని శ్రుతిలో వింటున్నాడు. దానికేమంటారు?

సూదిమొన
ముప్పై ఏళ్లకు పైగా ప్రపంచమంతా ఆ శ్రుతిలోనే విని ప్రేమించింది అంటాను. ఆ రికార్డు విని సాక్సోఫోన్ నేర్చుకున్నవాళ్లు ఆ శ్రుతికే వాయించుకుని నేర్చుకున్నారు. అదీ చరిత్రే కదా బావా.

విశాఖ_వినైల్
ఇద్దరూ ప్రతి దారంలోనూ ఇక్కడికే వస్తారు. నీలిసూది అడిగింది దొరికే దారి గురించి.

టెనర్‌తాత
నీలిసూదీ, నీ నాలుగింటిలో ఒకటి మన దేశంలో అచ్చయింది, ముందు దాని సంగతి చూద్దాం. అసలు నేను ఈ దారిలోకి ఎలా వచ్చానో చెప్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆ రోజుల్లో ఖరగ్‌పూర్ కాలనీలో సగం మంది మన తెలుగువాళ్లే. పక్క క్వార్టర్స్‌లో ఆంగ్లో ఇండియన్ ఇంజిన్ డ్రైవర్ ఉండేవాడు. శనివారం సాయంత్రాలు కిటికీలు తీసి గ్రామఫోన్ పెట్టేవాడు. ఎల్లింగ్టన్, బేసీ. నాకు పదమూడేళ్లు, గోడ దగ్గర నిలబడి వినేవాణ్ని. ఒకరోజు లోపలికి పిలిచాడు. అంతే. తర్వాత ఉద్యోగం వచ్చాక జీతం రోజున రైలెక్కి కలకత్తా వెళ్లి ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల షాపుల్లో పడేవాణ్ని (ఇప్పుడు మీర్జా గాలిబ్ స్ట్రీట్ అంటారు). సాయంత్రం పార్క్ స్ట్రీట్. బ్లూ ఫాక్స్‌లో లూయీ బ్యాంక్స్ వాయిస్తుంటే బయట నిలబడి వినేవాళ్లం, లోపల కాఫీకి డబ్బుల్లేక. 1978లో బొంబాయి రంగ్ భవన్‌లో మొదటి జాజ్ యాత్రకి వెళ్లాను, సాక్సోఫోన్ దిగ్గజం సోనీ రోలిన్స్‌ని కళ్లారా చూశాను. ఆ రాత్రి గురించి రాయడం మొదలుపెడితే ఇక్కడ ఆగదు.

సరే, అసలు విషయం. ఆ షాపుల్లో నేను నేర్చుకున్నది ఒకటే: అమ్మేవాడి కళ్లతో చూడాలి. జాజ్ అని రాసిన అరలో అందరూ వెతుకుతారు, అక్కడ మంచివి మిగలవు. 'రాగా జాజ్ స్టైల్' 1968 నాటిది. రయీస్ ఖాన్ సితార్, మనోహారి సింగ్ సాక్స్, తోడితో మొదలై భైరవితో ముగిసే పదకొండు రాగాలు. కానీ పాత సామాన్ల వాడికి కవర్ మీద కనిపించేది శంకర్ జైకిషన్ పేరు. దాన్ని హిందీ సినిమా కుప్పలో పడేస్తాడు. నువ్వు జాజ్ కోసం వెళ్లి హిందీ సినిమా కుప్పని ముట్టుకోవు. అదీ కథ. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ, గురువారం జుమ్మేరాత్ బజార్‌లోనూ సినిమా కుప్ప మొత్తం ఒక్కొక్కటీ తిప్పి చూడు. నడుం నొప్పి పుట్టాలి.

ఇంకోటి. సికింద్రాబాద్‌లో లాలాగూడ వైపు పాత రైల్వే కుటుంబాలు, బొల్లారం వైపు మిలిటరీ వాళ్ల ఇళ్లు. పిల్లలు ఆస్ట్రేలియా వెళ్లిపోయి ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే అక్కడ పాత జాజ్ ఉండే అవకాశం ఎక్కువ. కానీ ఒక మాట, వాళ్ల దగ్గర న్యాయమైన ధర ఇచ్చి కొను. వాళ్లకి తెలియదు కదా అని వందకి నాలుగు తెచ్చుకోకు. ఆ పెట్టెలో వాళ్ల అమ్మానాన్నలు నాట్యం చేసిన పాటలుంటాయి.

బెజవాడ_బేస్
తాతగారూ, ఆ రోలిన్స్ రాత్రి గురించి వేరే దారం పెట్టండి. బతిమాలుతున్నాను.

కొత్తకోయిల
మా మామగారి రికార్డులో చెవి ఉంది!!! 47 వెస్ట్ 63 అని కూడా ఉంది. చేతులు వణుకుతున్నాయి. మామగారికి చెప్తే "దాన్ని పెళ్లికి ముందు షిప్పులో తెచ్చాను, ఇప్పుడు నీకెందుకు టెన్షన్" అన్నారు.

సూదిమొన
ఆయనకి ఓ దండం పెట్టు. ఆయన ఆరోగ్యంగా ఉన్నంతవరకు అది ఆయనది. ప్లే చేసి వినిపించమను.

విశాఖ_వినైల్
తాతగారు చెప్పింది నిజం, నాకే జరిగింది. మూడేళ్ల క్రితం పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్ల షాపులో మూట కట్టిన సినిమా రికార్డులు 22 కొన్నాను, మొత్తం 900 రూపాయలకి. ఇంటికొచ్చి చూస్తే ఒకదానికి కవర్ లేదు, తెల్ల కాగితం కవర్లో ఉంది. లేబుల్ చదివితే రాగా జాజ్ స్టైల్. రికార్డు బాగానే ఉంది, రెండో వైపు మొదట్లో కాస్త చిటపట. అప్పటి నుంచి కవర్ కోసం వెతుకుతున్నాను. కవర్ లేకుండా దాన్ని అలమరలో నిలబెడితే వెన్ను లేని పుస్తకంలా ఉంటుంది.

నీలిసూది
అన్నా! మూడేళ్లుగా నీ దగ్గర ఉందా? ఇక్కడ ఎన్నిసార్లు అడిగాను!

విశాఖ_వినైల్
నువ్వు పూర్తి కాపీ అడిగావు తమ్ముడూ. నాది సగమే.

థేమ్స్‌గట్టు
ఇండో జాజ్ సూట్ గురించి నేను చెప్తాను, లండన్‌లో ఉండి నాలుగేళ్లు దాని వెంటపడ్డాను. జాన్ మేయర్ కలకత్తాలో పుట్టి పెరిగి ఇక్కడికొచ్చిన వయొలినిస్టు, కంపోజర్. జో హారియట్ జమైకా నుంచి వచ్చిన ఆల్టో సాక్స్ మనిషి. జాజ్ వైపు ఐదుగురు, హిందుస్థానీ వైపు ఐదుగురు, డబుల్ క్వింటెట్ అనేవాళ్లు. రికార్డు ఇక్కడ 1966లో కొలంబియా లాన్స్‌డౌన్ సిరీస్‌లో వచ్చింది. ఆ కాపీకి ఇప్పుడు పిచ్చి ధర. కానీ అమెరికాలో అదే సంగీతం అట్లాంటిక్ లేబుల్ మీద వచ్చింది. అది చాలా చవక, కొంచెం ఓపిక పడితే దొరుకుతుంది. షాపుల్లో దాన్ని సితార్, తూర్పు దేశాలు, వరల్డ్ అని రాసిన అరల్లో పెడతారు. తాతగారు చెప్పిన సూత్రమే ఇక్కడా పనిచేసింది. నేను నాది పోర్టొబెల్లో రోడ్‌లో రవిశంకర్ రికార్డుల మధ్యలో పట్టుకున్నాను.

నేను ఆ రికార్డు కొన్నది అరుదని కాదు. వలస వచ్చిన ఇద్దరు వేరేవాళ్ల ఊళ్లో ఒకరి మాట ఇంకొకరు నేర్చుకుంటున్నట్టు ఉంటుంది. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలంలో రోజూ అదే విన్నాను. కొన్నిచోట్ల అతుకులు కనిపిస్తాయి, జాజ్ ఆగి సితార్ మొదలై, సితార్ ఆగి జాజ్ మొదలవుతుంది. అయినా నాకు ఆ అతుకులే ఇష్టం. హారియట్ 1973లో, 45 ఏళ్లు కూడా నిండకుండానే పోయాడు.

ఎడిసన్‌బావ
అక్కా, అట్లాంటిక్ కాపీ ఇక్కడ నేను చూస్తాను. నీలిసూదీ, నీకు దొరికినట్టే అనుకో. నెల టైం ఇవ్వు.

మద్రాసు_మెయిల్
మొదలుపెట్టేవాళ్లకి ఒక సలహా: లిస్టులో సగం తేలిగ్గా దొరికేవి పెట్టుకోండి. లేకపోతే నీరసం వచ్చేస్తుంది. నేను మొదట కొన్నది డేవ్ బ్రూబెక్ 'జాజ్ ఇంప్రెషన్స్ ఆఫ్ యురేషియా'. 1958లో ఆయన మన దేశం తిరిగి వెళ్లాక చేసింది, అందులో 'కలకత్తా బ్లూస్' ఉంటుంది. మద్రాసులో మృదంగ విద్వాంసుడు పళని సుబ్రమణ్య పిళ్లైతో కూర్చుని వాయించారు కూడా. లేబుల్ మీద ఆరు కళ్ల గుర్తులుండే కొలంబియా 'సిక్స్ ఐ' కాపీ అమెరికాలో మామూలు ధరకే వస్తుంది.

నా లిస్టులో మిగిలింది సాక్సోఫోనిస్ట్ చార్లీ మారియానో, బెంగళూరు కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ వాళ్లు కలిసి చేసిన 'జ్యోతి', ఈసీఎం కంపెనీ ఎల్పీ, 1983. సరిగ్గా అదే సంవత్సరం మన పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించి జనాన్ని లేపి నిలబెట్టాడు. జాజ్ మనది కాదు అనేవాళ్లకి ఈ రెండూ వినిపిస్తాను.

బెజవాడ_బేస్
పార్సిళ్ల గురించి కూడా అనుకుందాం, ఎవరూ ఎత్తట్లేదు. పోయినేడు నేను యూరప్ నుంచి తెప్పించిన రికార్డు 'నియర్ మింట్' అన్నాడు. వచ్చేసరికి కవర్ మూడు వైపులా చిరిగింది. ఎందుకంటే రికార్డుని కవర్ లోపలే ఉంచి పంపాడు. దారిలో పార్సిల్ పడ్డప్పుడల్లా రికార్డు అంచు లోపలి నుంచి కవర్‌ని కోసేస్తుంది. కొనేటప్పుడే రాయండి: రికార్డు బయటికి తీసి, వేరే కవర్లో పెట్టి, రెండు వైపులా గట్టి అట్టలు పెట్టి పంపమని. మంచి అమ్మకందారు విసుక్కోడు. డ్యూటీ కూడా లెక్కలో వేసుకోండి. 2019 చివర్లో గిఫ్టుల మీద ఉన్న 5 వేల మినహాయింపు తీసేశారు కాబట్టి గిఫ్ట్ అని రాయించినా లాభం లేదు, రాయించడం తప్పు కూడా.

ఎడిసన్‌బావ
అందుకే సూట్‌కేసు పద్ధతి. మా అత్తయ్య వచ్చేటప్పుడు ఆవకాయ ఇటు వస్తుంది, వెళ్లేటప్పుడు రికార్డులు అటు వెళ్తాయి. బట్టల మధ్యలో కాదు, చేతి సంచిలో, నిలువుగా. ఒక్కో ట్రిప్పుకి ఆరు, అంతకంటే ఎక్కువ ఆవిడ ఒప్పుకోదు.

థేమ్స్‌గట్టు
ఆవకాయ జాడీ, రికార్డులు ఒకే సంచిలో పెట్టకండి, ఎంత సీల్ చేసినా. నా 'ఈస్టర్న్ సౌండ్స్' రికార్డు కవర్ ఇప్పటికీ ఘుమఘుమలాడుతుంది.

కొత్తకోయిల
మామగారి మిగతా రికార్డుల మీద తెల్లగా బూజు పట్టింది, వానల్లో తడిసినట్టున్నాయి. స్పిరిట్‌తో తుడవొచ్చా?

టెనర్‌తాత
ఆగమ్మా. ముందు అవి ఎల్పీలా, 78 స్పీడువా చూడు. 78లు లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే కరిగిపోతాయి. వాటికి ఉత్త నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. ఎల్పీలకైతే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల సబ్బు, కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. గాడుల వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. నీడలో ఆరబెట్టు. మే నెలలో ఎండలో పెట్టినా, కారులో వదిలేసినా అప్పడం అయిపోతుంది.

సూదిమొన
కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. నిగనిగలాడే రికార్డు బాగుంటుందని నమ్మకండి. 50ల్లో సూదుల బరువు చాలా ఎక్కువ, వందసార్లు తిప్పితే గాడి గోడలు అరిగిపోతాయి, కంటికి కనిపించదు. టెనర్ సాక్సోఫోన్ గట్టిగా ఊదిన చోట గొంతు చిరిగినట్టు వస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటే ఒక్కో వైపు చివరి పాట నుంచి అర నిమిషం రికార్డ్ చేసి పంపమనండి. లేబుల్ దగ్గరే అరుగుదల ముందు బయటపడుతుంది. ఇలా అడక్కుండా నేను పెద్ద మొత్తం పోసి కొన్న హ్యాంక్ మోబ్లీ రికార్డు ఒకటి ఇప్పుడు గోడకి వేలాడుతోంది. బ్లూ నోట్ 1568 నంబర్ మోబ్లీ కాదులెండి, అది 10 వేల డాలర్లు దాటి అమ్ముడైన రికార్డు, నేను కొన్నది దానికంటే చాలా చిన్నది.

విశాఖ_వినైల్
ఒరిజినల్ వీరుడు రీఇష్యూ వాళ్లకి మంచి పాయింట్ ఇచ్చాడు.

సూదిమొన
ఇచ్చాను. నిజం నిజమే. అయినా వేట ఆపను.

మద్రాసు_మెయిల్
నీలిసూదీ, ఒకటి అడుగుతాను. యుట్టా హిప్ మీదే ఎందుకంత పట్టు? నీ లిస్టులో మిగతావన్నీ జోరుగా సాగే హార్డ్ బాప్, ఇండో జాజ్. ఆవిడది మెత్తగా ఉండే పియానో.

నీలిసూది
చెప్తాను. ఆవిడ లైప్‌జిగ్‌లో పుట్టింది, 1955లో న్యూయార్క్ వచ్చింది. 1956 ఒక్క ఏడాదిలోనే బ్లూ నోట్‌కి మూడు రికార్డులు. హికరీ హౌస్ క్లబ్‌లో లైవ్ రెండు, ఇదొకటి. ఆ తర్వాత కొద్ది కాలానికే పియానో మానేసింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరింది. బొమ్మలు వేసుకుంటూ, 2003లో పోయేదాకా మళ్లీ వేదిక ఎక్కలేదు.

మా అమ్మ టైలరింగ్ చేసి మమ్మల్ని చదివించింది. పెళ్లికి ముందు వీణ నేర్చుకుంది, కచేరీ కూడా చేసిందట. మేం పుట్టాక వీణ అమ్మేశారు. మిషన్ తొక్కుతూ పాడుకునేది గానీ వీణ మాట ఎత్తేది కాదు. యుట్టా హిప్ కథ చదివిన రోజు 'వయొలెట్స్ ఫర్ యువర్ ఫర్స్' పెట్టుకుని విన్నాను. జూట్ సిమ్స్ పాడుతున్నట్టు వాయిస్తుంటే ఆవిడ వెనకాల ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. అమ్మ కూడా పక్కనే కూర్చుని కాజాలు కుడుతోంది. "ఎవర్రా ఆ వాయించేది, తొందర లేదు ఆమెకి" అంది. ఆమె అని ఎలా తెలిసిందో. ఇప్పుడు అమ్మకి 71. ఆ రికార్డు అమ్మ చేతిలో పెట్టి చూపించాలని.

బెజవాడ_బేస్
...

థేమ్స్‌గట్టు
నేనిక్కడ అన్ని షాపులకీ చెప్పి ఉంచుతాను. స్పెల్లింగ్ తప్పుగా పెట్టిన లిస్టింగులు కూడా వెతుకుదాం. ఆవిడ పేరులో ఒక అక్షరం పోగొట్టి పెట్టేవాళ్లు చాలామంది, అలాంటివి వాంట్‌లిస్టు అలర్ట్‌కి తగలవు.

టెనర్‌తాత
ముందే చెప్పొచ్చు కదా నాయనా. జపాన్ ప్రెస్సింగ్ నా దగ్గరుంది. అమ్మను, అది మా ఆవిడకి ఇష్టమైన రికార్డు, ఆమె పోయాక నేనూ తక్కువే వింటున్నాను. కానీ ఈ ఆదివారం మీ అమ్మగారిని తీసుకుని తార్నాక రా. టీ పెడతాను, అది తిప్పుదాం. అడ్రస్ మెసేజ్ చేస్తాను.

నీలిసూది
తాతగారూ, తప్పకుండా వస్తాం.

నీలిసూది
ఆదివారం సంగతులు. పొద్దున ఏడింటికి ఎర్రగడ్డ వెళ్లాను. తాతగారు చెప్పినట్టు సినిమా కుప్పలన్నీ, నాలుగు చోట్ల, ఒక్కొక్కటీ తిప్పాను. మూడో కుప్ప అడుగున రాగా జాజ్ స్టైల్ కనిపించింది. గుండె ఆగింది. బయటికి లాగి చూస్తే లోపల వేరే రికార్డు, ఏదో హిందీ సినిమాది, గీతలు పడి పనికిరానిది. మిగతా కుప్పలన్నీ మళ్లీ వెతికాను, అతని గోనెసంచులు కూడా దింపించాను. అసలు రికార్డు లేదు. కవర్ మాత్రం కింద మూల చిన్న చిరుగు తప్ప బాగుంది. 150 అన్నాడు, ఇచ్చేశాను.

మధ్యాహ్నం తార్నాక. అమ్మ కవర్‌ని చాలాసేపు చూసింది. పాట మొదలయ్యాక ఎవరం మాట్లాడలేదు. రెండో వైపు అయిపోయాక అమ్మ తాతగారిని మొదటి వైపు మళ్లీ పెట్టమని అడిగింది. తర్వాత వాళ్లిద్దరూ ఖరగ్‌పూర్ గురించి, వీణ గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. నేను కప్పులు కడిగాను.

మద్రాసు_మెయిల్
వీణ గురించి అమ్మగారు మాట్లాడారా?

నీలిసూది
మాట్లాడింది. నాకు తెలియనివి చాలా ఉన్నాయి.

విశాఖ_వినైల్
ఆగండాగండి. తమ్ముడూ, నీ దగ్గర కవర్ ఉంది. నా దగ్గర రికార్డు ఉంది.

ఎడిసన్‌బావ
నాకు ఇప్పుడే అర్థమైంది. 🔥

సూదిమొన
ఎవరిది ఎవరికి చేరాలి మరి? నా ఓటు విశాఖకి, మూడేళ్లు ఎదురుచూశాడు.

థేమ్స్‌గట్టు
నా ఓటు నీలిసూదికి. నాలుగు కుప్పలు తిప్పాడు.

విశాఖ_వినైల్
ఓట్లు అక్కర్లేదు. రికార్డు ప్లే చేసుకునేది, కవర్ చూసుకునేది. రికార్డు నీకే ఇస్తాను. కానీ పార్సిల్ చెయ్యను, బెజవాడ_బేస్ కథ చదివాక భయం పట్టుకుంది. నువ్వే రా, మా ఇంట్లో కలిపి ఒకసారి రెండు వైపులా విందాం, తర్వాత పట్టుకెళ్లు. బదులుగా ఎడిసన్‌బావకి ఇండో జాజ్ సూట్ రెండు దొరికితే ఒకటి నాకు.

నీలిసూది
శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బుక్ చేశాను. పొద్దున్నే దిగుతాను. కవర్ రెండు అట్టల మధ్య పెట్టి తెస్తున్నాను. ఆ చిరుగుకి లోపల్నుంచి ఏమైనా అంటించి తేనా?

టెనర్‌తాత
సెల్లోటేప్ వేయకు. పసుపు మచ్చ పడుతుంది, ఇక పోదు. అలాగే తీసుకెళ్లు.